నులకమంచం మీద అర్థశాస్త్రం

శామీర్‌పేట దాటి రాజీవ్ రహదారి మీద కరీంనగర్ వైపు ఇంకాస్త ముందుకెళ్తే తుర్కపల్లి. ఆ పేరు చెబితే ఇప్పుడు అందరికీ గుర్తొచ్చేది జీనోమ్ వ్యాలీ. అద్దాల మేడలు, తెల్లకోట్లు, ప్రయోగశాలలు, కరోనా కాలంలో దేశమంతా ఎదురుచూసిన కొవాగ్జిన్ టీకా... ఇదంతా పాతికేళ్ల ముచ్చటే. 1999లో ఇక్కడ రెండొందల ఎకరాల్లో నాలెడ్జ్ పార్కు వచ్చింది. అంతకుముందు మేడ్చల్, శామీర్‌పేట అంటే ద్రాక్షతోటలు, కూరగాయల మడులు.

ఇంత మార్పు జరిగింది కదా, మరి ఆ చుట్టుపక్కల పొలం అమ్ముకున్న ఇంట్లో తర్వాత ఏం జరిగింది? వచ్చిన డబ్బు పిల్ల పెళ్లికి పోయిందా, ఇల్లు కట్టడానికి పోయిందా, మరోచోట పొలం కొన్నారా? ఆ ఇంట్లో జొన్నరొట్టె పోయి వరి అన్నం ఎప్పుడొచ్చింది? తోటలో కూలికి పోయిన ఆవిడకు తోట పోయాక పనెక్కడ దొరికింది? రిజిస్ట్రేషన్ కాగితాల్లో సర్వే నంబరుంటుంది, ఎకరాలూ గుంటలూ ఉంటాయి, నాలుగు దిక్కులా హద్దులుంటాయి. ఈ జవాబులు మాత్రం ఉండవు.

అదే నగరానికి అటువైపు, దక్షిణాన సుమారు 70 కిలోమీటర్ల దూరంలో ఇంకో ఊరుంది. పరిశోధకుల రాతల్లో దాని పేరు ఔరేపల్లి. పాత పాలమూరు జిల్లాలోది. ఎర్రనేలలు, ఆముదం, జొన్న, కల్లుగీత. అక్కడ కొన్ని ఇళ్లలో నలభై అయిదేళ్ల కింద ఎద్దును ఎంతకమ్మారో, పండక్కి ఎంత బెల్లం కొన్నారో, ఎవరి దగ్గర ఎంత వడ్డీకి అప్పు తెచ్చారో ఇవాళ్టికీ చూసి చెప్పొచ్చు. వ్యవసాయ ఆర్థికశాస్త్రం చదువుకున్నవాళ్లలో ఆ ఊరి పేరు విననివాళ్లు అరుదు. అమెరికాలో ఉన్నా సరే!

నెలకు ఎంత నూనె?

హైదరాబాద్ చుట్టూ వ్యవసాయ ఆర్థికశాస్త్రం, ఆహార విధానం మీద జరిగే శిక్షణ శిబిరాలకు కొదవలేదు. పటాన్‌చెరులో ఇక్రిశాట్ (1972లో మొదలైంది), రాజేంద్రనగర్‌లో నార్మ్ (1976), అక్కడే మేనేజ్ (1987). దేశం నలుమూలల నుంచీ, ఆఫ్రికా నుంచీ కుర్ర పరిశోధకులు, అధికారులు వస్తారు. మెడలో గుర్తింపు కార్డు, చేతిలో ల్యాప్‌టాప్, పదకొండింటికి టీ, బిస్కట్లు. గోడమీద తెరపై అంకెల పట్టికలు, గీతలు. సబ్సిడీ ఎవరికి అందుతోంది, రేషన్ బియ్యం వల్ల తిండి మారిందా, మద్దతు ధర ఏ పంటను పెంచి ఏ పంటను చంపింది... అన్నీ గట్టి విషయాలే. కానీ బయటివాళ్లు చూస్తే నిద్రొచ్చే వ్యవహారంలాగే ఉంటుంది. ఏసీ గదిలో కూర్చుని రైతు గురించి ఏం తెలుస్తుంది అని దెప్పిపొడవడమూ తేలికే.

ఆ దెప్పిపొడుపులో సగమే న్యాయం ఉంది. ఎందుకంటే తెర మీద అంకె గదిలో పుట్టింది కాదు. ఏదో ఊళ్లో, ఎవరి ఇంటి ముందో, నులకమంచం మీద కూర్చున్న మనిషి అడిగితే వచ్చింది. అడిగిన తీరులో తేడా ఉంటే ఆ అంకె మారిపోతుంది. అంకె మారితే విధానమూ మారిపోతుంది.

నమ్మకం కుదరకపోతే ఓ చిన్న పరీక్ష. పోయిన నెల మీ ఇంట్లో వంటనూనె ఎంత ఖర్చయింది? కందిపప్పు? పక్కింటివాళ్లకు చేబదులిచ్చిన చక్కెర లెక్కలోకి వేశారా, లేదా? వచ్చిన చుట్టాలు తిన్నది? సరే, నెల వద్దు, పోయిన వారం సంగతి చెప్పండి. ఇప్పుడు వచ్చే జవాబును నాలుగుతో హెచ్చవేస్తే మొదట చెప్పిన దానితో సరిపోతోందా? చాలామందికి సరిపోదు.

ఇది కాలక్షేపం పరీక్ష కాదు. 1999-2000లో జాతీయ నమూనా సర్వేవాళ్లు తిండి ఖర్చును ఒకే కాగితం మీద ముప్పై రోజులకూ అడిగారు, ఏడు రోజులకూ అడిగారు. ఆ సర్వేను బట్టి దేశంలో పేదలు 26 శాతమేనని తేలింది. అంతకు ఆరేళ్ల ముందు, 1993-94లో, 36 శాతం. అంటే కోట్లమంది పేదరికంలోంచి బయటపడ్డట్టు! ప్రభుత్వం సంబరపడింది, ఆర్థికవేత్తలు కొట్టుకున్నారు. రెండు ప్రశ్నలూ పక్కపక్కనే ఉండేసరికి ఒకదాని జవాబు ఇంకోదాని మీద పడిందని తేల్చారు. పేదరికం తగ్గింది నిజమే, కానీ అంత కాదని సరిచేసి చూపినవాళ్లలో ఆంగస్ డీటన్ ఒకరు. 2015లో ఆయనకు నోబెల్ బహుమతి వచ్చింది. వారమా నెలా అన్న ఒక్క మాట మీద కోట్లమంది పేదలా కాదా అన్నది ఆధారపడింది మరి.

ఊళ్లోనే కాపురం

ఈ చిక్కు ముందే పసిగట్టారో ఏమో, 1975లో ఇక్రిశాట్ ఆర్థికవేత్తలు ఓ మొండి పని మొదలుపెట్టారు. జేమ్స్ ర్యాన్, హాన్స్ బిన్స్‌వాంగర్, రాజస్థాన్ నుంచి వచ్చిన ఎన్.ఎస్. జోధా అందులో ముఖ్యులు. వానను నమ్ముకున్న ఆరు ఊళ్లను ఎంచుకున్నారు. పాలమూరులో ఔరేపల్లి, డోకూర్. మహారాష్ట్రలో షోలాపూర్ జిల్లా శిరాపూర్, కల్మన్. అకోలా జిల్లా కంజారా, కింఖేడా. ఒక్కో ఊళ్లో నలభై ఇళ్లు. పది కూలీలవి, మిగతా ముప్పై చిన్న, మధ్యతరగతి, పెద్ద రైతులవి సమానంగా. మొత్తం 240 కుటుంబాలు.

అసలు విశేషం ఇళ్ల సంఖ్యలో లేదు. అడిగే మనిషి ఊళ్లోనే కాపురం పెట్టాలి. వ్యవసాయ ఆర్థికశాస్త్రం చదివినవాడు, పల్లెలో పుట్టినవాడు, ఆ ప్రాంతం మాట వచ్చినవాడు కావాలి. మూడు నాలుగు వారాలకోసారి అవే ఇళ్లకు వెళ్లి అవే ప్రశ్నలు వేయాలి. ఇవాళ పొద్దున జీపు దిగి సాయంత్రానికి ఎక్కే సర్వేకూ దీనికీ పోలికే లేదు.

కొత్తలో ఎవరైనా ఏం అనుకుంటారు? పన్ను వేయడానికో, భూమి లాక్కోవడానికో వచ్చాడనుకుంటారు. లెవీ ధాన్యం రోజులాయె. భూ సంస్కరణల చట్టాలు అప్పుడప్పుడే అమలవుతున్న కాలం. అలాంటప్పుడు నీకు పొలమెంత, పంటెంత, అప్పెంత అని అడిగితే నిజం చెప్పడానికి ఎవరికి మాత్రం మనసొప్పుతుంది? అందుకే పరాయివాడుగా వచ్చినవాడు పెళ్లికి పిలిచే మనిషి కావాలి. మొదటి నెలల్లో పుట్టిన అంకెలకీ మూడో ఏడు అంకెలకీ మధ్య ఉన్న తేడా నమ్మకమే.

కొలతలతో ఇంకో తంటా. కూలి మానెడు, కుంచెడు లెక్కన ఇస్తారు. తూములు, పుట్లు అంటారు. ఇరవై తూములు పుట్టి అని బడిలో చదువుకున్నా, ఈ ఊరి కుంచం పై ఊరి కుంచం ఒకటి కాదు. దాన్ని కిలోల్లోకి మార్చాలంటే ఆ ఇంటి కుంచాన్నే తూచాలి. ఇక ఆడవాళ్ల పని! ‘ఏం పని చేసినవమ్మా’ అంటే ‘ఏం లేదు సారూ, ఇంట్లనే ఉన్న’ అన్న జవాబు తెలంగాణలో ఎక్కడైనా వినిపిస్తుంది. నీళ్లు మోయడం, బర్రెకు గడ్డి కోసుకురావడం, కందులు చెరగడం ఆ ‘ఏం లేదు’లోనే ఉంటాయి. రెండో ప్రశ్న, మూడో ప్రశ్న వేయనివాడు అక్కడ సున్నా రాసుకుని పోతాడు.

బొమ్మా బొరుసూ

ఆ రోజుల్లో బిన్స్‌వాంగర్ చేసిన ఓ ప్రయోగాన్ని ఇప్పటికీ శిక్షణ తరగతుల్లో చెబుతారు. అప్పట్లో అందరికీ ఉన్న అభిప్రాయం ఒకటే. పేదరైతు పిరికివాడు, కొత్త విత్తనం, ఎరువు అంటే భయం, అందుకే ఎదగడని. నిజమేనా? కాగితం మీద అడిగితే ఎవరైనా ధైర్యం కబుర్లే చెబుతారు కాబట్టి ఆయన నిజం డబ్బులు పెట్టాడు. నాణెం ఎగరేసే ఆట. ఎటూ పోకుండా యాభై రూపాయలు తీసుకోవచ్చు. లేదంటే ఒకవైపు పడితే 45, ఇంకోవైపు పడితే 95. ఇంకాస్త తెగువ ఉంటే 30, 150. మరీ మొండివాళ్లకు ఒకవైపు సున్నా, మరోవైపు రెండొందలు! ముందు అర్ధరూపాయి ఆటలతో మొదలుపెట్టి, తర్వాత అయిదు రూపాయలకు పెంచి, చివరికి ఈ యాభైకి తెచ్చాడు. మామూలు కూలీకి నెలంతా కష్టపడినా అంత రాని రోజులవి. ఆడినవాళ్లు ఊరికే వేలు పెట్టి చూపించి ఉండరు.

ఏం తేలింది? పందెం పెద్దదయ్యేకొద్దీ దాదాపు అందరూ మధ్యలోకి వచ్చారు. మరీ తెగించలేదు, మరీ ముడుచుకుపోలేదు. ముఖ్యమైంది ఏమిటంటే ఉన్నవాడికీ లేనివాడికీ ఈ విషయంలో పెద్ద తేడా కనిపించలేదు. అంటే పెద్దరైతు యూరియా వేసి చిన్నరైతు వేయకపోతే అది గుండెధైర్యం సంగతి కాదు. ఒకడికి బ్యాంకు అప్పిస్తుంది, ఇంకొకడికి ఇవ్వదు. ఒకడికి సరుకు అందుతుంది, ఇంకొకడికి అందదు. 1980లో ఈ ఫలితం అచ్చయ్యాక, రైతుకు బుద్ధిచెప్పే పథకాల కంటే అప్పు అందించే పథకాలు ముఖ్యమని వాదించేవాళ్లకు గట్టి ఆధారం దొరికింది. పాలమూరు రైతు మీద పడ్డ ఓ నింద పోయింది. ఇంతకన్నా మంచి పని ఏ సదస్సయినా చేసిందా అంటే చెప్పడం కష్టమే.

దూరపు సంబంధం ఎందుకు?

ఈ పుస్తకాల్లోంచి ఇంకా చాలా కథలు బయటపడ్డాయి. 1989లో మార్క్ రోజెన్‌జ్వైగ్, ఒడెడ్ స్టార్క్ అనే ఇద్దరు ఆర్థికవేత్తలు ఈ ఊళ్ల పెళ్లిళ్లు లెక్కతీశారు. ఆడపిల్లల్ని ఎందుకంత దూరం ఇస్తున్నారని! మేనరికం వదులుకుని దూరపు సంబంధం చేస్తే మన పెద్దలు నూటొక్క కారణాలు చెబుతారు. వాన అని మాత్రం ఎవరూ చెప్పరు. వీళ్ల లెక్కలో తేలింది అదే. ఇక్కడ వాన ఎగ్గొట్టిన ఏడాది అక్కడా ఎగ్గొట్టాలని లేదు. వియ్యంకుడి ఊరు దూరమైతే కష్టకాలంలో ఆదుకునే చెయ్యి ఒకటి పొడిగా ఉండదు. పంట రాబడి ఏడాదికో తీరుగా ఊగిసలాడే ఇళ్లవాళ్లు అందుకే దూరం చూస్తున్నారని వాళ్ల వాదన. అల్లుడు బీమా పాలసీ అన్నమాట! వినడానికి కాస్త మొరటుగా ఉన్నా, కరవు ఏడాది కూతురింటి నుంచి బస్తా గింజలు వచ్చిన ఇళ్లకు ఇందులో కొత్త ఏమీ ఉండదు.

1993లో ఇదే రోజెన్‌జ్వైగ్ ఇంకొకరితో కలిసి ఎద్దుల లెక్క చూశాడు. పంట పోయిన ఏడు ఎద్దును అమ్మి తింటారు. తిండి గడుస్తుంది. కానీ మరుసటేడు దుక్కి దున్నేదేమిటి? ఆ ఏడు పంట మళ్లీ తక్కువే. ఒక్క కరవు రెండు మూడేళ్లు వెంటాడేది ఇలాగే. 1994లో రాబర్ట్ టౌన్‌సెండ్ మూడు ఊళ్ల పదేళ్ల లెక్కలు తిరగేస్తే ఆశ్చర్యం కలిగించే విషయం బయటపడింది. ఒక ఇంటి ఆదాయం పడిపోయినా తిండి ఖర్చు అంతగా పడిపోవడం లేదు. ఊరందరి తిండితో పాటే అదీ పెరుగుతోంది, తగ్గుతోంది. అంటే చేబదుళ్లు, అప్పులు, అమ్మకాలు, ఇచ్చిపుచ్చుకోవడాలతో ఊరు ఊరంతా ఒకరినొకరు మోస్తోంది. అయితే పూర్తిగా కాదు. భూమి లేనివాళ్ల దగ్గరికొచ్చేసరికి ఈ పట్టు సడలుతోందనీ ఆయనే చూపాడు. చేబదులు కూడా చేతిలో ఏదో ఒకటి ఉన్నవాడికే పుడుతుంది కదా.

రాయని పదహారేళ్లు

ఇంత విలువైన పుస్తకం ఆగకుండా సాగిందా? లేదు. 1985తో ఆగింది. మళ్లీ పద్ధతిగా మొదలైంది 2001లో. మధ్యలో అడపాదడపా చూసి రావడమే. ఆ పదహారేళ్లూ ఎలాంటివో గుర్తుచేసుకోండి. ఊరూరా బోర్లు పడ్డాయి. పత్తి వచ్చింది. ఆర్థిక సంస్కరణలొచ్చాయి. 1997-98లో వరంగల్ పత్తిరైతుల ఆత్మహత్యలు దేశాన్ని కుదిపేశాయి. పల్లె బతుకు తలకిందులవుతున్న రోజుల్లోనే కలం కింద పెట్టేశారు! రోజుకు ఒక్కో ఇంటి ముందు కూర్చునే మనిషి జీతం పెద్ద మొత్తమేమీ కాదు. కానీ ఏళ్ల తరబడి, వెంటనే ఫలితం చూపించని పనికి నిధులిచ్చేవాళ్లు ఎక్కడైనా తక్కువే. 2009లో గేట్స్ ఫౌండేషన్ సాయంతో అధ్యయనం పెద్దదయింది. తూర్పు భారతానికీ బంగ్లాదేశ్‌కీ వెళ్లింది. మన దగ్గర ప్రకాశం జిల్లా పామిడిపాడు, జె.సి. అగ్రహారం చేరాయి. ఆ విడత లెక్కలు 2014 వరకు ఉన్నాయి.

తిరిగి వెళ్లినవాళ్లకు ఔరేపల్లిలో ఆముదం, జొన్న వెనకబడి పత్తి కనిపించింది. చెరువుల కింద వరి పండే డోకూర్‌లో చెరువులు ఎండి వలస పెరిగింది. పొలం మీద వచ్చేదానికంటే బయటి పని మీద వచ్చేదే ఆదుకుంటున్న ఇళ్లు ఎన్నో. వాళ్లను ‘రైతు కుటుంబం’ అనాలా, మరోటి అనాలా?

ఈ ప్రశ్న శిబిరాల్లో గంటలు గంటలు నలుగుతుంది. మాటల గారడీలా అనిపిస్తుంది కానీ కాదు. 2003లో జాతీయ సర్వే రైతుల స్థితిగతులు చూసినప్పుడు చేతిలో కాస్తయినా భూమి ఉండాలన్నారు. 2013కు ఆ షరతు తీసేసి, ఏడాదికి మూడు వేల రూపాయలకు మించి పంటో పాడో ఉంటే చాలన్నారు. 2019కి దాన్ని నాలుగు వేలు చేశారు. ఇక 2003లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో నూటికి 82 రైతు కుటుంబాలు అప్పుల్లో ఉన్నాయి. దేశంలోకెల్లా ఎక్కువ. దేశం మొత్తం మీద 48.6 శాతమే. 2019 లెక్కలో ఆంధ్రప్రదేశ్ 93.2, తెలంగాణ 91.7. అయితే ఈ అంకె ఒంటరిగా ఏమీ చెప్పదు. బ్యాంకు అప్పు దొరికిన ఇల్లూ ఇందులో ఉంది, నూటికి మూడు రూపాయల వడ్డీకి తెచ్చుకున్న ఇల్లూ ఇందులోనే ఉంది. మొదటిది మెరుగుపడుతున్న ఇల్లు కావచ్చు, రెండోది మునుగుతున్నది. ఒక్కసారి వచ్చి పోయే సర్వే ఆ తేడాను లోతుగా పట్టలేదు. అదే ఇంటికి మళ్లీ మళ్లీ వెళ్లినవాడికి తెలుస్తుంది.

కౌలురైతు సంగతీ అంతే. 2018లో తెలంగాణలో రైతుబంధు మొదలైనప్పుడు ఎకరానికి పంటకు నాలుగు వేలు పట్టాదారుకు అందింది. దున్నేవాడికి కాదు. కౌలు మన దగ్గర నోటిమాట మీద నడుస్తుంది. కాగితం రాస్తే భూమి పోతుందని ఆసామికి భయం, అడిగితే వచ్చే ఏడు కౌలు ఇవ్వడని రైతుకు భయం. ఉమ్మడి రాష్ట్రంలో 2011లో గుర్తింపు కార్డుల చట్టం తెచ్చినా ఆ భయం పోలేదు. ఒక్కరోజు సర్వేకు ఇద్దరూ ‘కౌలు లేదు’ అనే చెబుతారు. మూడేళ్లుగా ఊళ్లో ఉన్నవాడికి ఎవరి నాగలి ఎవరి చెలకలో తిరుగుతోందో కళ్లముందే కనిపిస్తుంది. కౌలురైతులు కాగితం మీద లేకపోతే వాళ్ల కోసం డబ్బు కేటాయించమని అడిగేదెలా? శిబిరంలో అంకెల పట్టిక ముందు కూర్చున్న కుర్రాడు గడి ఖాళీగా ఎందుకుందని అడగాల్సింది ఇక్కడే.

అంకెను నమ్మినవాళ్లే దాన్ని అనుమానించారు కూడా. జోధా కథ అందుకు ఉదాహరణ. రాజస్థాన్‌లో రెండు ఊళ్లను 1960లలో ఒకసారి, ఇరవై ఏళ్ల తర్వాత మరోసారి చూశాడాయన. లెక్క ప్రకారం కొన్ని ఇళ్ల నిజ ఆదాయం అయిదు శాతానికి పైగా పడిపోయింది. పేదలయ్యారు, ఇంకేముంది? ఆయన అంతటితో కాగితం మడవలేదు. మీరే చెప్పండి, బాగుపడ్డామని దేన్నిబట్టి అనుకుంటారు అని వాళ్లనే అడిగాడు. వాళ్లు చెప్పిన కొలతలు 38. కాళ్లకు రోజూ చెప్పులున్నాయా? పనికీ అప్పుకీ అదే ఆసామి గడప తొక్కాల్సి వస్తోందా? ఇలాంటివి. పేదలయ్యారనుకున్న ఆ ఇళ్లే 38లో 37 కొలతల్లో మెరుగ్గా ఉన్నాయి! 1988లో ఇది రాసినప్పుడు దానికి తనే పెట్టుకున్న పేరు మైనారిటీ అభిప్రాయమని. జీవితమంతా అంకెలు పోగేసిన మనిషి, తన అంకె పక్కన రైతు చెప్పులను పెట్టి చూపించాడు.

2024 ఆగస్టులో ప్రపంచ వ్యవసాయ ఆర్థికవేత్తల మహాసభ ఢిల్లీలో జరిగింది. 1958లో మైసూరులో జరిగాక మళ్లీ మన దేశానికి రావడం అదే. ఈ అరవయ్యారేళ్లలో పల్లెల గురించి నిలిచిన పాఠాల్లో కొన్ని పాలమూరు చెలకల్లోంచి వెళ్లినవే. తుర్కపల్లి లాంటి ఊళ్లలో మాత్రం ఇలాంటి పుస్తకం ఎవరూ తెరవలేదు. కరవు ఊళ్లనే ఎంచుకున్నారు, నగరం మింగేస్తున్న ఊళ్లను ఎంచుకోలేదు. అప్పట్లో నగరం ఇంత దూరం వస్తుందని ఎవరనుకున్నారు? ఇప్పుడు మొదలుపెట్టినా ఆలస్యమేమీ కాదు. బాహ్యవలయ రహదారి చుట్టూ ఇంకా పొలం చేస్తున్న ఇళ్లున్నాయి. వాళ్లలో పది ఇళ్ల ముందు మంచం వేసుకుని కూర్చునే ఓపిక ఏ విశ్వవిద్యాలయానికైనా ఉంటే చాలు.

ఔరేపల్లి, డోకూర్ లెక్కలు ఇప్పుడు ఇంటర్నెట్‌లో ఉన్నాయి. పరిశోధకులు ఎవరైనా తీసుకుని వాడుకోవచ్చు. వాటిలో పేర్లుండవు, ఇంటికో సంఖ్య ఉంటుంది. ఆ సంఖ్య ఎదురుగా ఫలానా నెలలో అమ్మిన ఎద్దు, తెచ్చిన అప్పు, కొన్న బెల్లం, పెళ్లికి పెట్టిన ఖర్చు వరసగా ఉంటాయి.